వంగే పోలా, వంచని పోలా? పోల్‌వాల్ట్ మొదలుపెట్టే పిల్లలకు ఏది మేలు?

జిల్లా మీట్లు దగ్గరపడుతున్నాయంటే చాలు, పీఈటీ మాస్టార్లూ తల్లిదండ్రులూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్లాడికి పదమూడేళ్లు, బాగా పరిగెత్తుతాడు, పోల్‌వాల్ట్‌లో పెడదామనుకుంటున్నాం. మొదట్నుంచే మెత్తటి ఫైబర్ పోల్ ఇచ్చి వంచడం నేర్పాలా, ముందు వంచకుండా ఎగరడం నేర్పాలా?" ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పోల్ పట్టుకోవడం, బాక్స్ (పోల్ కొన దిగే గుంట), రన్‌వే (పరుగు దారి) లాంటి ప్రాథమిక విషయాలు మీకు తెలుసనే అనుకుంటున్నాను. నేను చెప్పేదంతా కుడిచేతివాటం పిల్లలకు, అంటే కుడిచెయ్యి పైన, టేకాఫ్ (నేల వదిలి ఎగరడం) ఎడమకాలితో. ఎడమచేతివాటం వాళ్లు తిరగేసుకుంటే సరిపోతుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. వంచని పోల్ అంటే దుకాణంలో దొరికే వేరే రకం పోల్ కాదు. అదే ఫైబర్ పోల్‌ను కిందికి పట్టుకుని, తక్కువ అడుగులతో పరిగెత్తి ఎగిరితే అది వంగదు. కాబట్టి ఇక్కడ పోలిక రెండు వస్తువుల మధ్య కాదు, మొదటి ఏడాది పిల్లలకు నేర్పే రెండు దారుల మధ్య.

వంగే పోల్ గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. అమెరికాకు చెందిన కార్నీలియస్ వార్మర్‌డామ్ 1942లో వెదురు పోల్‌తో 4.77 మీటర్లు దాటాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో డాన్ బ్రాగ్ లోహపు పోల్‌తో 4.70 మీటర్లు ఎగిరి స్వర్ణం తీసుకున్నాడు. మరుసటి ఏడాదే జార్జ్ డేవిస్ ఫైబర్‌గ్లాస్ పోల్‌తో 4.83 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. 1964 టోక్యోలో స్వర్ణం ఎత్తు 5.10 మీటర్లు. ఒక ఒలింపిక్స్ నుంచి ఇంకో ఒలింపిక్స్‌కు 40 సెంటీమీటర్లు పెరిగింది. స్వీడన్ వాల్టర్ డుప్లాంటిస్ 2025లో 6.30 మీటర్లు దాటాడంటే ఆ మార్పు పుణ్యమే.

అయితే ఈ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. "పోల్ వంగి, మళ్లీ సాగి నిన్ను పైకి విసురుతుంది" అని చెబుతారు. దాంతో పిల్లాడు పోల్ మీద వేలాడి, అది ఎప్పుడు విసురుతుందా అని ఎదురుచూస్తాడు. పోల్ సొంతంగా శక్తి పుట్టించదు. పిల్లాడి పరుగునూ ఎగురునూ తనలో దాచుకుని తిరిగి ఇస్తుంది, అంతే. వంగడం వల్ల జరిగే అసలు మేలు ఇంకొకటి. వంగిన పోల్ తాత్కాలికంగా పొట్టిదవుతుంది, పట్టుకున్న చెయ్యి బాక్స్‌కు దగ్గరవుతుంది, కాబట్టి పోల్‌ను నిటారుగా లేపడం తేలికవుతుంది. అందుకే ఇంకా పైన పట్టుకోవచ్చు. ఈ లాభం అందుకోవాలంటే దానికి తగ్గ వేగం, సరైన టేకాఫ్ రెండూ ఉండాలి. పదమూడేళ్ల పిల్లాడి దగ్గర మొదటి ఏడాది ఈ రెండూ ఉండవు.

నా దృష్టిలో మొత్తం లెక్క టేకాఫ్ దగ్గరే తేలుతుంది. ఎగిరే క్షణంలో కుడిచెయ్యి పూర్తిగా చాపి ఉండాలి, ఎడమకాలి మునివేళ్లు సరిగ్గా ఆ పై చేతి కిందే ఉండాలి. కాలు అంతకంటే లోపలికి, అంటే బాక్స్ వైపుకు వెళితే దాన్ని గ్రౌండులో "అండర్ పోయాడు" అంటాం. జానెడు లోపలికి పోయినా చాలు, ఆ తర్వాత చేసేదంతా దాన్ని సర్దుకోవడానికే సరిపోతుంది.

ఇప్పుడు రెండు దారుల్లో ఈ తప్పు ఎలా కనబడుతుందో చూడండి. మెత్తటి పోల్ పట్టుకున్న పిల్లాడు అండర్ పోయినా పోల్ వంగుతుంది. ఇంకా చెప్పాలంటే ఎక్కువే వంగుతుంది. చూసే తండ్రి చప్పట్లు కొడతాడు, వీడియో తీస్తాడు. పిల్లాడు బాగా చేశాననుకుంటాడు. వంచని పోల్‌తో అదే పిల్లాడు అండర్ పోతే ఆ క్షణంలోనే భుజం వెనక్కి గుంజేస్తుంది, ఊపు చచ్చిపోతుంది, మ్యాట్ అంచున నిలబడిపోతాడు. నేనేమీ చెప్పనక్కర్లేదు. టేకాఫ్ దగ్గర సుద్దముక్కతో గీత గీసి, ఇసుకలో పడిన పిల్లను వెనక్కి పిలిచి అడుగుజాడ చూడమంటాను. గీతకు బెత్తెడు ముందు బొటనవేలి గుర్తు కనబడుతుంది. "కాలు లోపలికి పోయింది సార్" అని తనే అంటుంది. తర్వాతి పరుగు మొదలుపెట్టే గుర్తును తనే వెనక్కి జరుపుకుంటుంది. తప్పు అప్పటికప్పుడు ఒంటికి తెలియడమే ఈ దారిలో ఉన్న పెద్ద లాభం.

రెండో తేడా ఎడమచేతిది. పోల్ వంచాలన్న ఆత్రంతో మొదలైన పిల్లలు ఎడమ మోచెయ్యి బిగించి పోల్‌ను ముందుకు నెడతారు. పోల్ వంగుతుంది, నిజమే. కానీ ఆ బిగిసిన చెయ్యి ఛాతీని వెనక్కి తోసేస్తుంది. ఎడమకాలు వెనక నుంచి పొడవుగా ఊగుతూ రావాల్సిన చోట ముడుచుకుపోతుంది. స్వింగ్ లేకుండా తలకిందులు కావడం కుదరదు. పదిహేడేళ్లొచ్చాక 3.60 దగ్గర ఇరుక్కుపోయి నా దగ్గరకు వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమందిది ఇదే జబ్బు. చెయ్యి బిగించొద్దని చెబితే అర్థమవుతుంది, ఒప్పుకుంటారు కూడా. కానీ పూర్తి రనప్ ఇచ్చి బార్ పెట్టగానే శరీరం పాత పనే చేస్తుంది.

ఉక్రెయిన్ వాల్టర్ సెర్గీ బుబ్కాను తీర్చిదిద్దిన కోచ్ విటాలీ పెత్రోవ్ పద్ధతికి గుండెకాయ, పోల్‌ను చేతులతో వంచకపోవడమే. పోల్ బాక్స్ వెనక గోడకు తగిలి వంగడం మొదలయ్యేలోపే ఎగిరేవాడు నేల వదిలేయాలి. చేతులు పైకి, కాలు నేలను తన్ని పైకి. పోల్‌ను వంచాల్సింది పరుగూ ఎగురూ కలిసి. చేతులతో వంచడం అనే పనే అందులో లేదు. బుబ్కా 1994లో సెస్ట్రియేర్‌లో 6.14 ఎగిరినప్పుడు పట్టుకున్న పోల్‌కూ మన పిల్లల పోల్‌కూ పోలికే లేదు, కానీ టేకాఫ్ సూత్రం మాత్రం వంచని పోల్‌తో ఇసుకలోకి ఎగిరే పిల్లకు నేర్పేదే.

డుప్లాంటిస్ చిన్నప్పుడే వంగే పోల్‌తో ఎగిరాడు కదా అని చాలామంది అడుగుతారు. నిజమే. లూసియానాలోని లాఫాయెట్‌లో వాళ్ల ఇంటి పెరట్లోనే పోల్‌వాల్ట్ పిట్ ఉండేది. 5.80 ఎగిరిన తండ్రి గ్రెగ్ దగ్గరుండి నేర్పాడు, పెరిగేకొద్దీ తగిన పోల్ చేతికి అందేది. కాలు అంగుళం తప్పినా పట్టుకునే కన్ను రోజూ పక్కనే ఉంది. అలాంటి ఇల్లున్న పిల్లాడికి నా సలహా అక్కర్లేదు. ఒక పీఈటీ మాస్టారు ముప్పైమందిని చూసుకునే మన గ్రౌండులో తప్పును పిల్లాడికి తెలియజెప్పే పని పోలే చేయాలి. మెత్తటి పోల్ ఆ పని చేయదు.

మ్యాట్ సంగతి కూడా ఉంది. పెద్ద పోటీలకు ల్యాండింగ్ మ్యాట్ కనీసం 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల మందం ఉండాలని ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధన. మన జిల్లాల్లో ఎన్ని గ్రౌండ్లలో అది ఉందో మీకే తెలుసు. చిరిగిన స్పాంజి ముక్కలు కట్టిన పరుపు మీదికి వంగే పోల్‌తో ఎగరనివ్వకండి. వంగిన పోల్ నిటారుగా లేవకపోతే పిల్లాడు వెనక్కి, బాక్స్ మీదికే పడతాడు. వంచకుండా కిందికి పట్టుకుని ఎగరడానికి మాత్రం బాగా తవ్విన లాంగ్‌జంప్ ఇసుక సరిపోతుంది.

వంగే పోల్ పక్షాన ఉన్న న్యాయమైన వాదనలూ చెప్పాలి. వంచని పోల్‌తో పరుగు పొడవు పెంచుకుంటూ పోతే టేకాఫ్ అదురు భుజాలకూ నడుముకూ గట్టిగా తగులుతుంది, కాబట్టి ఎనిమిది పది అంగలకు మించి దాన్ని లాగకూడదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో జిమ్నాస్టిక్స్ నుంచో స్ప్రింట్స్ నుంచో వచ్చినవాళ్లకు గాలిలో ఒళ్లు ఎక్కడుందో తెలుసు, వేగమూ ఉంది. వాళ్లను ఏడాదిపాటు ఇసుకలో ఉంచడం దండగ, రెండు మూడు నెలలు చాలు. ఇక పిల్లల ఉత్సాహం. పక్కవాడి పోల్ విల్లులా వంగుతుంటే మనవాడికి మనసు లాగుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోను, ఆట మీద ఇష్టం పోతే ఏ డ్రిల్లూ పనికిరాదు. అందుకే వంచని ఎగురులోనూ పోటీ పెడతాను. ఎత్తు కొలవను, ఒకే పట్టుతో ఎవరు ఇసుకలో ఎంత లోపలికి దిగారో కొలుస్తాను. వంగే పోల్ మాట ఆ సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

డ్రిల్ ఇలా సాగుతుంది. పోల్ నిలబెట్టి కుడిచెయ్యి పైకి చాపితే అందే చోటు నుంచి జానెడు పైన పట్టు. మొదట నడుస్తూ, తర్వాత నాలుగు అంగల పరుగు, ఆ తర్వాత ఆరు. పోల్ కొన ఇసుకలో దిగేసరికి రెండు చేతులూ తలపైన ఉండాలి. కుడిచేతివాటం పిల్లలు పోల్‌కు కుడిపక్క నుంచే వెళ్లాలి. మొదటి రోజుల్లో ఎటుపడితే అటు వెళ్లి పోల్‌కు గుద్దుకుంటారు, అది కుదిరేదాకా ముందుకు పోవద్దు. కుడికాలి మోకాలు పైకి లేచి అలాగే ఆగాలి, ఎడమకాలు చాపే ఉండాలి, రెండు పాదాల మీద దిగాలి. ఇది పది ఎగురుల్లో ఎనిమిది సార్లు సరిగ్గా వస్తుంటేనే పట్టు ఇంకో బెత్తెడు పైకి.

నాకు అన్నిటికంటే నమ్మకమైన డ్రిల్ ఒంటిచేతి ఎగురు. అదే తక్కువ పట్టుతో, ఎడమచెయ్యి తీసేసి, కుడిచేతితో మాత్రమే పోల్ పట్టుకుని ఇసుకలోకి ఎగరాలి. నెట్టడానికి ఎడమచెయ్యి లేదు కాబట్టి పైకి ఎగరడం తప్ప పిల్లకు వేరే దారి లేదు. భుజం పూర్తిగా తెరుచుకోకపోతే పోల్ కదలదు, తెరుచుకుంటే ఒళ్లంతా పొడవుగా సాగి ఉయ్యాల ఊగినట్టు ముందుకు వెళ్తుంది. ఆ ఊగు ఒకసారి ఒంటికి తెలిసిన పిల్లకు, రెండో చెయ్యి తిరిగి ఇచ్చినా బిగించాలని అనిపించదు.

మిగతావాటి గురించి రెండు మాటలు. తాడు పట్టుకుని ఊగి తలకిందులవడం, హై బార్ మీద కాళ్లు పైకి తీసుకెళ్లడం మంచివే, వారానికి రెండుసార్లు చేయించండి, అయితే టేకాఫ్‌కు అవి ప్రత్యామ్నాయం కావు. స్లైడింగ్ బాక్స్ (పోల్ కొన తగిలినప్పుడు ముందుకు జారే బాక్స్) ఉంటే వాడండి, లేకపోతే వెతుక్కోనక్కర్లేదు. వెదురు గడతో నడక డ్రిల్స్, పోల్ మోస్తూ పరుగు చేయించొచ్చు. ఎగరడానికి మాత్రం నేను ఇవ్వను, ఎండిన వెదురు లోపల ఎక్కడ చీలిందో పైకి కనబడదు.

వేగాన్ని మరిచిపోవద్దు. సెకనుకు 6 మీటర్ల వేగంతో వచ్చే పిల్లాడి పరుగు మొత్తం ఎత్తుగా మారినా అతని శరీరాన్ని సుమారు 1.8 మీటర్లే లేపగలదు. 8 మీటర్ల వేగమైతే సుమారు 3.3. ఆ తేడాను ఏ పోల్ కూడా పూడ్చలేదు. కాబట్టి వారంలో స్ప్రింట్ రోజులు తగ్గించి పోల్ రోజులు పెంచకండి.

వంగే పోల్‌కు ఎప్పుడు మారాలి? నిలబడి అందుకునే ఎత్తుకు 60 సెంటీమీటర్లకు పైగా పట్టుకుని, ఎనిమిది అంగల పరుగుతో, పోల్ తేలిగ్గా నిటారుగా లేచి మ్యాట్ మధ్యలో దిగుతున్నప్పుడు. మంచి మ్యాట్ ఉన్నచోట మాత్రమే. అప్పటికి ఎక్కువమంది పిల్లల చేతిలో పోల్ కాస్త కాస్త వంగడం మొదలుపెట్టే ఉంటుంది, వాళ్లు వంచాలనుకోకుండానే. బార్ స్టాండ్లను మాత్రం మొదటి సీజనంతా నిబంధన ఒప్పుకునే 80 సెంటీమీటర్ల వెనక్కే ఉంచండి. ముందుకు జరిపితే బార్ తేలిగ్గా దాటవచ్చు కానీ పిల్లాడు మ్యాట్‌లోకి లోతుగా వెళ్లడం మానేస్తాడు.

స్కూల్ తరఫున ఒకే పోల్ కొనగలం, ఏది కొనాలని అడిగేవాళ్లకు: పిల్లల బరువు 40 నుంచి 55 కిలోల మధ్య ఉంటే 3.65 మీటర్ల పొడవు, 59 కిలోల రేటింగ్ (ఎంత బరువున్నవాళ్లకు పోల్ సరిపోతుందో చెప్పే అంకె) ఉన్నది తీసుకోండి. తేలికైన పిల్లలు కిందికి పట్టుకుని వంచకుండా ఎగురుతారు, బరువూ వేగమూ పెరిగినవాళ్లు అదే పోల్‌ను పైన పట్టుకుని వంచుతారు. రేటింగ్ అనేది పై పట్టుకు వర్తిస్తుంది, పట్టు కిందికి వచ్చేకొద్దీ పోల్ గట్టిపడుతుంది. తన బరువు కంటే తక్కువ రేటింగ్ ఉన్న పోల్‌ను మెత్తగా ఉందని ఏ పిల్లాడికీ ఇవ్వకండి. సీనియర్లు వదిలేసిన పాత పోల్ దొరికితే ముందు టేపంతా ఊడదీసి, గుడ్డతో తుడిచి, పొడవునా వేళ్లతో తడిమి చూడండి. గోరు తట్టుకునేంత గీత తగిలినా, బూటు స్పైక్ గుచ్చుకున్న గుర్తు కనబడినా ఆ పోల్‌తో ఇక ఎవరినీ ఎగరనివ్వకండి.