కుళాయి వాషరు మాది, గోడలోని పైపు ఎవరిది? అద్దె ఇళ్ల నిర్వహణ సేవపై రెండేళ్ల అనుభవం

హైదరాబాద్ మియాపూర్‌లో మేము అద్దెకుంటున్న ఇంటి యజమాని వేరే ఊళ్లో ఉంటారు కనుక, అద్దె వసూలు మొదలుకొని మరమ్మతుల వరకు అన్నీ ఒక నిర్వహణ సంస్థకు అప్పగించారు. పనివారి విషయంలో ఆ సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ఫిర్యాదు చేసిన మర్నాటికల్లా ప్లంబరో ఎలక్ట్రీషియనో వచ్చి, పని శుభ్రంగా ముగించి, మార్చిన పాత సామాను చూపించి మరీ వెళ్తారు. ఇబ్బందంతా బిల్లు దగ్గరే.

మా పదకొండు నెలల ఒప్పందంలో "చిన్న మరమ్మతులు అద్దెదారే చేయించుకోవాలి" అన్న ఒక్క వాక్యం ఉంది. ఏది చిన్నదో ఎక్కడా లేదు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపు గడియ మేమే మార్పించుకున్నాం. బోరు నీటి ఉప్పు పేరుకుని గీజరు ఎలిమెంటు కాలిపోయినప్పుడు కూడా, రోజూ వాడుకున్నది మేమే కనుక మారుమాట లేకుండా చెల్లించాం. అయితే గత వర్షాకాలంలో స్నానాలగది గోడ చెమ్మగిల్లి పెచ్చులూడింది. గోడ తవ్విన ప్లంబరు, లోపలి పాత ఇనుప పైపు తుప్పుపట్టి చిల్లు పడిందని తానే చూపించినా, సంస్థ దాన్ని "కుళాయి పని" అని రాసి మా లెక్కలో వేసింది. ఇది నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచలేదు.

కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూలులో ఈ బాధ్యతల పంపకం స్పష్టంగానే ఉంది: కుళాయిలు, వాషర్లు, గీజరు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారువి, కట్టడపు మరమ్మతులు, వెల్ల, పైపుల మార్పిడి, వైరింగు యజమానివి. రాష్ట్రం చట్టం చేస్తే తప్ప అది అమల్లోకి రాదు కానీ, ఆ జాబితాను ఒప్పందానికి జతచేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అసలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనే, ఒప్పందంలో వేరే విధంగా లేనప్పుడు, యజమాని తాను చేయించవలసిన మరమ్మతును నోటీసు అందాక తగిన గడువులో చేయించకపోతే అద్దెదారే చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని చెబుతోంది.

ఫొటోలు జతచేసి మూడు ఉత్తరాలు రాసినా సంస్థ కదల్లేదు. చివరకు యజమానికే ఫోన్ చేస్తే, "గోడలో పైపు పోతే మీరెందుకు కడతారండీ?" అని, ఆ నెల అద్దెలో తగ్గించుకోమన్నారు. పనితనానికి 5కు 4, బిల్లుల తీరుకు 2 ఇస్తాను. ఈ నెల ఒప్పందం పొడిగించాలి. జాబితా జతచేస్తేనే సంతకం పెడతానని వారికి రాశాను.