పైన ఆకాశం, కింద గోలెం: డైమ్లర్‌తో తొమ్మిదేళ్లు

టరెట్, అంటే ఫిరంగి ఉండే ఇనుప గోపురం, తీసేసిన మా డైమ్లర్ ఆర్మర్డ్ కారు (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ కవచ వాహనం) గురించి మొదటి మూడేళ్లు ఎవరడిగినా నాది ఒకటే పాట: నెత్తిన ఇనుము లేకపోతే ఎంత హాయో! ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కాకపోతే అప్పట్లో నేను వెనక నిలబడేవాణ్ని. ఈ ఆరేళ్లుగా ముందు కూర్చుని నడుపుతున్నాను. అందుకే మళ్లీ రాయాల్సి వస్తోంది.

కవచం మందం, ఇంజను బలం వగైరా ఇక్కడ చెప్పను, ఇంత దూరం చదివేవాళ్లకు అవన్నీ తెలిసే ఉంటాయి. యుద్ధకాలంలో కొన్ని బ్రిటిష్ రెజిమెంట్లు డైమ్లర్ల టరెట్లు పీకేసి, పెద్ద అధికారులు తిరగడానికి వాడుకున్నాయి. అమెరికావాళ్లు తమ ఎం8 గ్రేహౌండ్ ఆర్మర్డ్ కారుకి టరెట్ లేకుండా ఎం20 అని ఫ్యాక్టరీలోనే వేరే బండి చేశారు. ఇది అలా కాదు, ఉన్నదాన్ని కోసింది. పేరు కూడా ‘సాన్-ఆఫ్ డైమ్లర్’, అంటే పైభాగం రంపంతో కోసేసిన డైమ్లర్, ముద్దుగా ‘సోడ్’. ఇంగ్లీషులో అదొక తిట్టు కూడా, ఊరికే పెట్టలేదు. ఈ బండిని మేం నలుగురం కలిసి కొన్నాం. అమ్మినాయన ఇందులో ఎవరో జనరల్ తిరిగాడన్నాడు. దానికి కాగితం ముక్క లేదు. కొన్నాళ్లు నేనూ అందరికీ అదే చెప్పుకు తిరిగాను, ఇప్పుడు మానేశాను.

వెనక నిలబడితే మాత్రం రాజయోగమే. టరెట్ కూర్చున్న గుండ్రటి అంచు మీద మోచేతులు ఆనించి, మ్యాపు పరుచుకుని, నాలుగు దిక్కులా చూడొచ్చు. టరెట్ ఉన్న డైమ్లర్‌లో ముగ్గురే మనుషులు. ఫిరంగికి గుళ్లు అందించేది కూడా కమాండరే. ఒక చేత్తో గుండు, ఇంకో చేత్తో వైర్లెస్ పట్టుకుని రెజిమెంటును నడపమంటే ఎలా? టరెట్ పోతే మ్యాపు బల్లకీ 19 నంబరు వైర్లెస్ సెట్‌కీ చోటు దొరుకుతుంది. పైన గుండు పేలితే దాక్కోవడానికి ఏమీ ఉండదు, అది వేరే సంగతి. వెనక రెండో స్టీరింగు కూడా ఉంది, ప్రమాదం వస్తే తిరక్కుండానే వెనక్కి లాగించడానికి. గేర్లు ముందుకు ఎన్నో వెనక్కీ అన్నే, ఐదు. మేం పొలంలో సరదాకి రెండుసార్లు అలా నడిపి, రెండోసారి కంచె విరగ్గొట్టాం.

మాది సూర్యాపేట. ఈ బండి మీద మోజు పుట్టడానికి అదీ ఒక కారణమే. బర్మా పోరులో డైమ్లర్లు వాడిన భారతీయ రెజిమెంట్లలో 16వ లైట్ కావల్రీ ఒకటి. అప్పట్లో దాని కమాండింగ్ ఆఫీసరు జె.ఎన్. చౌదరి, 1948 సెప్టెంబరులో నిజాం సైన్యం లొంగుబాటును అందుకున్న చౌదరే. ఆ సెప్టెంబరులో విజయవాడ వైపు నుంచి మా ఊరి మీదుగా సైన్యం వచ్చింది. తాత ఆ బండ్ల దుమ్ము గురించి చెప్పేవాడు.

ఇక అసలు సంగతి. మేం ఉండేది ఇంగ్లండులో. రెండేళ్ల కింద జూన్‌లో పాత బండ్ల షో ఒకదాని నుంచి తిరిగి వస్తున్నాం. షోలో గడ్డి మీద నూనె కారకూడదంటే అడుగున ఉండే డ్రెయిన్ బిరడాలు బిగించి పెట్టాం. దారిలో వాన. ఇంగ్లండు వాన గట్టిగా పడదు, ఆగదు అంతే. ఇరవై మైళ్లు వచ్చేసరికి అడుగున బెత్తెడు నీళ్లు నిలిచాయి. పల్లం దిగుతూ రౌండబౌట్ ముందు బ్రేకు నొక్కాను. వెనకున్న నీళ్లన్నీ ఒక్కసారిగా నా సీటు కిందికి వచ్చాయి, వాటితో పాటు ఒక స్పానరూ బిస్కెట్ ప్యాకెట్టూ. ఈ బండికి క్లచ్ ఉండదు. లీవరుతో గేరు ముందే ఎంచుకుని, అది పడాలనుకున్నప్పుడు ఎడమకాలి పెడల్ తొక్కాలి, అదీ అడుగంటా. తడి బూటు సగంలో జారింది. సగంలో వదిలితే ఈ పెడల్ ఊరుకోదు, లోపలి స్ప్రింగు బలమంతా పెట్టి మామూలు కన్నా పైకి లేస్తుంది. నా మోకాలిని తీసుకెళ్లి స్టీరింగుకు కొట్టింది. ఆ తర్వాత రాయిలా బిగుసుకుపోయింది. గేరు లేదు, రౌండబౌట్ నడిమధ్యన ఉన్నాం, వెనక బస్సు. వీపు సీటుకు ఆనించి రెండు కాళ్లతో తొక్కితే మూడోసారికి ‘ఠక్’మంది.

పైన ఉన్నవాళ్లకి ఇదేమీ తెలియదు. మావాడు గొడుగు పట్టుకుని బస్సులో పిల్లలకి చెయ్యి ఊపుతున్నాడు!

ఇంటికొచ్చాక నా ప్యాంటు చూసి మా ఆవిడ అంది: “ఇది కారు కాదు, గోలెం. బర్రెలకు నీళ్లు పెట్టొచ్చు.”

పెడల్ మీద గరుకు పట్టీ అంటించాం. బిరడాలు తీసేసి, షోల్లో కింద ట్రే పెడుతున్నాం. టార్పాలిన్ కూడా వేసి చూశాం. లోపల పెట్రోలు వాసనకి తల తిరిగింది, వెనక నిలబడేవాళ్లకి దారీ కనబడలేదు. మరి టరెట్ తీసింది దేనికి? అది చుట్టి షెడ్డులో పడేశాం.

బ్రేకుల గురించి మాత్రం ఒక మంచి మాట చెప్పాలి. ఆ కాలానికే డిస్క్ బ్రేకులు. ఆ వానలోనూ బండి పెట్టిన చోట ఆగింది, ఆగబట్టే కదా నీళ్లు నా మీదికి వచ్చాయి. పరేడ్‌లో నడిచే మనుషుల వెనక ఫ్లూయిడ్ ఫ్లైవీల్‌తో (క్లచ్‌కి బదులు నూనె ద్వారా ఇంజను బలాన్ని అందించే చక్రం) గేరులోనే ఉంచి మెల్లగా పోవచ్చని ఇదివరకు తెగ పొగిడాను. అదీ నిజమే, కానీ ఎండాకాలం అరగంట దాటితే సీలు దగ్గర నూనె కారుతోంది.

కొనమంటారా అంటే, మాకు నలుగురి డబ్బుంది, రైతు షెడ్డు ఊరికే దొరికింది, గ్యాలనుకి ఐదు మైళ్లు ఇచ్చినా ఏడాదికి ఆరేడు సార్లే తీస్తాం. ఒక్కరే పెట్టుకోవాలనుకుంటే నేను సరే అనలేను, మోకాళ్లు బాగాలేకపోతే అసలే వద్దు. నాకు చలికాలంలో మోకాలికి ఆపరేషన్ ఉంది. అది అయ్యాక నడపడం మా అబ్బాయి వంతు, నేను మళ్లీ వెనక నిలబడతాను. బూట్లు కొత్తవి కొనుక్కోమని వాడికి చెప్పాను.