ఎగువ ఊరా, రోడ్డు పక్క కాలనీయా: సారమాకా నిర్వాసితులకు ఏది మేలు?

దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో, డచ్చి తోటల నుంచి తప్పించుకుని అడవిలో స్థిరపడిన ఆఫ్రికన్ బానిసలు దశాబ్దాల పాటు పోరాడి, 1762 నాటి సంధితో తమ స్వేచ్ఛను గుర్తింపజేసుకున్నారు. వారి సంతతి వారే సారమాకా మరూన్లు. సురినామ్ నది ఒడ్డున ఉన్న వారి ఊళ్లలో చాలా భాగం, 1964లో అఫోబాకా ఆనకట్ట వెనుక నీరు నిలవడంతో ముంపునకు గురైంది. పరానామ్‌లోని అల్యూమినియం కర్మాగారానికి విద్యుత్తు అందించడానికి కట్టిన ఆ ఆనకట్ట వల్ల సుమారు 6,000 మంది నిర్వాసితులయ్యారు. కొందరు ఉత్తరాన బ్రౌన్స్‌వెగ్ వంటి పునరావాస కాలనీలకు వెళ్లగా, మరికొందరు జలాశయానికి దక్షిణాన, నది ఎగువకు తరలిపోయారు.

కాలనీకి ఉన్న పెద్ద బలం రోడ్డు. రాజధాని పరమారిబోలోని ఆసుపత్రికీ, ఉన్నత చదువులకూ, కూలి పనులకూ అక్కడి నుంచి వాహనంలోనే వెళ్లవచ్చు. ఎగువన ఆ వీలు లేదు. అట్యోనీ వద్ద రోడ్డు ఆగిపోతుంది. అక్కడి నుంచి పొడవాటి చెక్క పడవే ఆధారం. ఎండాకాలంలో నీరు తగ్గి బండరాళ్లు తేలినప్పుడు, ముందు నిలబడ్డ మనిషి గడకర్రతో లోతు చూస్తూ దారి చూపితే తప్ప పడవ కదలదు. ఎగువ ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు ఉన్నా, ప్రాణం మీదికి వస్తే చిన్న విమానంలో రాజధానికి తరలించాల్సిందే. చాలా ఊళ్లలో సాయంత్రం కొన్ని గంటలు నడిచే డీజిల్ జనరేటరే దిక్కుగా ఉండేది; ఈ మధ్య కొన్నిచోట్ల సౌర విద్యుత్తు వచ్చింది.

అయినా తిండి దగ్గర తూకం తిరగబడుతుంది. సారమాకాల ముఖ్య ఆహారాల్లో ఒకటి కర్రపెండలం. సామర్లకోట ప్రాంతంలో సగ్గుబియ్యానికి వాడే దుంప జాతే. అయితే సారమాకాలు పండించే చేదు రకాన్ని తురిమి, పొడవాటి అల్లిక గొట్టంలో కుక్కి, సాగదీసి విషపు రసాన్ని పిండేసి, ఆ పిండిని పెద్ద పెనంపై రొట్టెగా కాలుస్తారు. మగవారు అడవిని నరికి చదును చేస్తే, ఆడవారు ఆ పొలాన్ని సాగు చేసుకుంటారు. కొన్ని పంటల తర్వాత నేలను అడవికి వదిలి మరోచోటికి మారే ఈ సేద్యానికి విశాలమైన భూమి కావాలి. ఎగువన తల్లి వంశం ద్వారా సంక్రమించే భూమి, చేపలిచ్చే నది చేతిలో ఉంటాయి. నదికి దూరంగా, ఇళ్లన్నీ ఒకేచోట గుమిగూడిన బ్రౌన్స్‌వెగ్‌లో ఆ రెండూ కరవు.

పైగా కాలనీ కూడా శాశ్వతం కాలేదు. ముంపు మరూన్ల కోసమే కట్టిన న్యూ కోఫీకాంప్‌ను, బంగారు గని కోసం మళ్లీ తరలించాలన్న ఒత్తిడి 1990లలో వచ్చింది. ఎగువ వారినీ అదే దశాబ్దంలో కలప కంపెనీల లీజులు చుట్టుముట్టాయి. కానీ వారు ఏకమై అంతర్ అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. భూమిపై సారమాకాల సామూహిక హక్కును గుర్తించాలని, భారీ ప్రాజెక్టులకు వారి సమ్మతి తప్పనిసరి అని 2007లో తీర్పు సాధించారు.

నిండు గర్భిణికీ, దీర్ఘరోగికీ కాలనీయే మేలని ఒప్పుకోక తప్పదు. సేద్యం చేయగల కుటుంబానికి మాత్రం ఎగువ ఊరే మేలని నా నిశ్చితాభిప్రాయం. పడవ ప్రయాణపు కష్టాన్ని మంచి ఆరోగ్య కేంద్రంతో తగ్గించవచ్చు. పోయిన పొలాన్ని మాత్రం ఏ రోడ్డూ తెచ్చిపెట్టలేదు. ఆ తీర్పు ఇప్పటికీ పూర్తిగా అమలు కాకపోవడమే ఎగువ ఊళ్లకు ఉన్న అసలు ప్రమాదం. రోడ్డు కంటే ముందు సురినామ్ ప్రభుత్వం వారికి ఇవ్వవలసింది ఆ భూమి పట్టా.