ఫ్రంట్ ఆఫీసులో ఫిర్యాదు: సిబ్బందికే అధికారమా, డ్యూటీ మేనేజర్ అనుమతా?

రాత్రి పదకొండింటికి ఏసీ పనిచేయడం లేదని గెస్ట్ కిందికి దిగి వచ్చాడనుకోండి. ఫిర్యాదు తీర్చడానికి మేనేజర్ అనుమతి తప్పనిసరైన హోటల్లో రిసెప్షనిస్టు "ఒక్క నిమిషం సార్" అంటూ ఫోన్ అందుకుంటుంది. ఆ వేళకి హోటల్ మొత్తానికీ ఉండేది ఒక్క డ్యూటీ మేనేజరే. ఆయనేమో బాంకెట్ హాల్లో ఉంటాడు. గెస్ట్ అదే గోడు మళ్లీ ఇంకొకరికి చెప్పుకోవాలి. ఏసీ మీద కోపం మనుషుల మీదికి మళ్లేది అక్కడే.

సిబ్బందికే అధికారం ఉన్నచోట ఆమె వెంటనే గది మార్చి, కీకార్డు చేతికిచ్చి, సామానుకి బెల్‌బాయ్‌ని పంపి, పొద్దుటి బ్రేక్‌ఫాస్ట్ బిల్లులోంచి తీసేస్తుంది. లగ్జరీ హోటళ్ల సంస్థ రిట్జ్ కార్ల్‌టన్ ఒక్కో గెస్ట్ సమస్యకు 2,000 డాలర్ల దాకా ఖర్చుపెట్టే వీలు ఉద్యోగులకు ఇవ్వడం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. మామూలు హోటల్‌కి అంత అక్కర్లేదు; ఒక రాత్రి గది అద్దెను మించని హద్దు చాలు.

ఈ పద్ధతి ఎక్కువగా చెడేది పైవాళ్ల వల్లే. మర్నాడు అందరి ముందూ "ఎందుకిచ్చావ్?" అని నిలదీస్తే ఇక ఆ షిఫ్టులో ఎవరూ ఆ అధికారం జోలికి పోరు. అడగాల్సింది విడిగా అడగాలి. గది నంబరు, కారణం, ఇచ్చినదేమిటి అన్నవి లాగ్‌బుక్‌లో రాయించాలి. లేకపోతే ప్రతిసారీ ఏదో వంక పెట్టి తగ్గింపు కొట్టేసేవాళ్లు దొరకరు.

గాయాలు, దొంగతనం, ఫుడ్ పాయిజనింగ్ అనుమానం, నగదు వాపసు మాత్రం మేనేజరే చూడాలి. అక్కడ రిసెప్షనిస్టు తొందరపడి ఇచ్చే మాట కూడా తర్వాత చిక్కు తెస్తుంది. అయితే గెస్ట్‌ను లాబీలో నిలబెట్టకుండా ఆయనే గదికి వెళ్లాలి.