జోహన్నెస్‌బర్గ్ (జోబర్గ్) మేయర్ క్యాండిడేట్ల కొటేషన్లు చూశాను, నా రేటింగ్ ఇదిగో

ముందే చెప్పీస్తన్నాను, నేను రాజకీయాలు రాసేవాణ్ని కాదు. శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో మోటార్ రివైండింగ్ షాపు నాది, బోరు మోటార్లు దించడం, తియ్యడం, అపార్ట్‌మెంట్లకి పైపులైను పనులు, 20 ఏళ్ళు దాటింది ఇదే పని మీద. మరి సౌతాఫ్రికా మేయర్ గొడవ నీకేటిరా అంటారా, మా అప్పని ఇచ్చింది జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే బావకి. మొన్న ఆదివారం వీడియో కాల్ చేసి పెరట్లో పచ్చ ప్లాస్టిక్ ట్యాంకు చూపించాడు, అక్కడ దాన్ని జోజో అంటార్ట, మనం ఏ కంపెనీదైనా సింటెక్స్ అనీసినట్టే. ఫోను ట్యాంకు కిందకి వంచి "ఒరే, దీనికి అర హెచ్‌పీ సరిపోద్దా, ఒక హెచ్‌పీ కావాలా" అని అడిగాడు. నా కళ్ళు మోటారు మీద లేవు, ట్యాంకు కింద ఇటుకలు వంకరగా పేర్చి ఉన్నాయి. ముందు ఆ దిమ్మ సంగతి చూడు బావా, 2,500 లీటర్లంటే రెండున్నర టన్నులు, పక్కకి ఒరిగితే గోడ కూడా పోద్ది అన్నాను.

అదయ్యాక అసలు విషయానికొచ్చాడు. 2026 నవంబరు నుంచి 2027 జనవరి లోపు అక్కడ లోకల్ ఎలక్షన్లు, మేయర్ అవుతామని ఒకళ్ళని మించి ఒకళ్ళు ఊరు బాగుచేస్తామంటున్నారు, బావకి అక్కడ ఓటు లేదు, బిల్లు మాత్రం ఉంది. "నువ్వు రోజూ కొటేషన్లు రాస్తావు కదా, వీళ్ళవి కూడా కొటేషన్లే అనుకొని చూసి చెప్పు" అన్నాడు. సరే అని వారం రోజులు రాత్రిళ్ళు షాపు కట్టేశాక కూర్చుని చదివాను, మా ఆవిడ తిట్టింది కూడా.

ముందు సైటు పరిస్థితి. సైటు చూడకుండా కొటేషన్ ఇచ్చేవాణ్ని నేను నమ్మను. 1886లో బంగారం దొరికితే పుట్టిన ఊరు అది, పెద్ద నది ఒడ్డున లేదు, సముద్రం దగ్గర లేదు, ఎక్కడో పక్కదేశం లెసోతో కొండల్లో డ్యాములు కట్టి అక్కడనుంచి వాల్ డ్యాముకి, అక్కడనుంచి పంపులతో పైకి ఎక్కించి తెచ్చుకుంటారు నీళ్ళు. మనకి నాగావళి ఊరి మధ్యలోనే ఉంది కాబట్టి ఆ బాధ అర్థం కాదు. అంత ఖర్చుపెట్టి తెచ్చిన నీళ్ళలో 40 శాతం పైగా బిల్లులోకి రావట, కొంత లీకు, కొంత దొంగ కనెక్షన్లు, కొంత మీటర్లే లేనివి. పైపులు 12 వేల కిలోమీటర్ల పైన. కరెంటు కథ ఇంకోటి, 2024 నవంబరులో దేశానికి కరెంటు ఇచ్చే సర్కారు కంపెనీ ఎస్కామ్ వాళ్ళు 490 కోట్ల రాండ్ల బాకీ కట్టకపోతే సప్లై కట్ చేస్తామని ఊరి కరెంటు కంపెనీ సిటీ పవర్‌కి నోటీసు ఇచ్చారు, రాండు అంటే మన 5 రూపాయలు అనుకోండి. అదే ఏడాది జులై నుంచి ప్రీపెయిడ్ మీటర్ వాళ్ళ మీద నెలకి 200 రాండ్ల సర్‌ఛార్జి వేశారు, దాని మీద మళ్ళీ ట్యాక్సు. 2023 జులైలో ఊరి నడిబొడ్డున లిలియన్ ఎన్‌గోయి వీధి కింద గ్యాసు పేలి రోడ్డు నిలువునా చీలిపోయింది, మినీబస్సులు బొమ్మల్లా ఎగిరిపడ్డాయి, ఆ ఒక్క వీధి బాగుచెయ్యడానికే ఏళ్ళు పట్టింది. తర్వాత నెలలోనే సిటీ సొంత బిల్డింగు ఒకటి, ఎవరూ పట్టించుకోక దళారులు ఆక్రమించి అద్దెలకిచ్చీసింది, తగలబడి 70 మందికి పైగా చచ్చిపోయారు. మొత్తం రిపేర్ల బకాయి 22 వేల కోట్ల రాండ్ల దగ్గర అంటున్నారు, మన లెక్కలో లక్ష కోట్ల పైమాటే.

అన్నట్టు అక్కడ ట్రాఫిక్ సిగ్నల్‌ని రోబోట్ అంటారు. రోబోట్ పనిచెయ్యట్లేదు అందుకే లేటయింది అని బావ ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు చెప్తారట, నేను మొదట్లో ఏదో ఫ్యాక్టరీ అనుకున్నాను. ఆ సిగ్నళ్ళ దగ్గర నిలబడి చేత్తో ట్రాఫిక్ ఆపే మనుషుల్ని ఇన్సూరెన్స్ కంపెనీలు పెట్టుకున్నాయి, గుంతలు పూడ్చే బండ్లు కూడా కొన్నాళ్ళు వాళ్ళే తిప్పారు. యాక్సిడెంట్ క్లెయిము కట్టడం కన్నా గుంత పూడ్చడం చవక అని లెక్కేసుకున్నారు మరి.

ఇప్పుడు నా కొలబద్ద ఏటో చెప్తాను. రెండేళ్ళ కిందట ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళకి బిల్లు ఎక్కువొస్తోంది, నీళ్ళు చాలట్లేదు. ముగ్గురం వెళ్ళాం. ఒకాయన పైన ఇంకో ట్యాంకు పెట్టమన్నాడు. ఇంకొకాయన పైపులన్నీ మార్చీమన్నాడు, పదకొండు లక్షలు. నేను ఆ రాత్రి రెండింటికి వెళ్ళి వాచ్‌మన్‌ని లేపి మెయిన్ మీటర్ దగ్గర టార్చి పట్టుకొని కూర్చున్నాను. అందరూ పడుకున్న టైములో ముల్లు తిరగకూడదు. తిరుగుతోంది. అంటే ఎక్కడో కారుతోంది. ఒక్కో బ్లాకు వాల్వ్ కట్టుకుంటూ పోతే మూడో బ్లాకు కట్టగానే ముల్లు ఆగింది. అక్కడ తవ్వితే దొరికింది, కీలు దగ్గర పగులు. పెద్ద ఊళ్ళలో ఇంజినీర్లు చేసేది కూడా ఇదే, రాత్రి పారే నీళ్ళు కొలిచి లీకు ఎక్కడుందో పట్టుకుంటారు. కాబట్టి ఏ కొటేషన్ అయినా నేను చూసేవి రెండే, కారేది ఎక్కడో కనిపెట్టావా, కట్టిన డబ్బు ఏ డబ్బాలో పడుతుంది.

హెలెన్ జిల్లె, డీఏ (డెమోక్రటిక్ అలయన్స్) పార్టీ. 1951లో పుట్టిన మనిషి, ఈ వయసులో ఇంత కష్టమైన సైటుకి ఎందుకమ్మా అనిపించింది ముందు. కానీ అనుభవం కాగితం మీద గట్టిది. జర్నలిస్టుగా ఉన్నప్పుడు 1977లో అపార్థైడ్‌కి, అంటే నల్లవాళ్ళని వేరుచేసి అణిచిన తెల్లవాళ్ళ పాలనకి, ఎదురు తిరిగిన స్టీవ్ బీకో పోలీసు కస్టడీలో ఎలా చచ్చిపోయాడో బయటపెట్టింది, 2006 నుంచి 2009 దాకా కేప్‌టౌన్ మేయరు, అది కూడా చిన్నా చితకా పార్టీలన్నీ కలుపుకొని, 2008లో వరల్డ్ మేయర్ ప్రైజు, తర్వాత పదేళ్ళు వెస్టర్న్ కేప్ రాష్ట్రానికి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పోస్టు. ఆవిడ కొటేషన్‌లో మొదటి ఐటమ్ మనుషులు. పార్టీ వాళ్ళని పోస్టుల్లో కూర్చోబెట్టడం ఆపి పని వచ్చినవాళ్ళని పెడతానంటుంది, టెండర్ల దొంగతనం, నీళ్ళు, కరెంటు ఆ తర్వాత. నాకిది నచ్చింది ఎందుకంటే పని రాని ఎలక్ట్రీషియన్ ఒకడుంటే ఎంత మంచి వైరు కొన్నా కాలిపోద్ది. నచ్చనిది ఏటంటే మనిషి నోరు. వలసపాలన వల్ల వచ్చినవన్నీ చెడ్డవే కాదన్నట్టు 2017లో ట్వీట్ చేసి తర్వాత సారీ చెప్పుకుంది. జోబర్గ్‌లో నల్లవాళ్ళ పేట సొవెటోలో నీళ్ళ కోసం బిందె పట్టుకొని లైన్లో నిలబడినామె ఆ మాట మర్చిపోద్దా? ఇంకోటి, కేప్‌టౌన్‌లో పనిచేసిన స్పానర్ జోబర్గ్ బోల్టుకి పడుతుందని గ్యారంటీ లేదు, కేప్‌టౌన్ పైపులు ఇంత పాడవ్వక ముందే ఆవిడ చేతికొచ్చాయి.

హెర్మన్ మషాబా, యాక్షన్ ఎస్ఏ. ఈయన కథ సినిమాలా ఉంటది, అపార్థైడ్ రోజుల్లో 1985లో బ్లాక్ లైక్ మీ అని తలకి రాసుకునే సరుకుల కంపెనీ పెట్టి సొంతంగా పైకొచ్చాడు. 2016లో డీఏ తరఫున ఇదే ఊరికి మేయరు అయ్యాడు. 2019 అక్టోబరులో జిల్లె పార్టీలో పెద్ద పోస్టుకి తిరిగొచ్చిన మర్నాడే రాజీనామా ప్రకటించాడు, మరుసటేడు సొంత పార్టీ. ఇప్పుడు ఆవిడ మీదే పోటీ. మన వైపు పెళ్ళిళ్ళలో ఇలాంటోళ్ళని ఒకే బంతిలో కూర్చోబెట్టం. ఈయన కొటేషన్ అంతా ఊరి నడిబొడ్డు మీద, ఆక్రమించిన బిల్డింగులు ఖాళీ చేయించి ప్రైవేటు వాళ్ళకిచ్చి ఇళ్ళు కట్టించడం, అవినీతి మీద దర్యాప్తు, పోలీసులు, కాగితాల్లేని వలసవాళ్ళ మీద గట్టిగా ఉండడం. మేయరుగా ఉన్నప్పుడు దర్యాప్తు విభాగం నిజంగానే పెట్టాడు, అందుకు ఒక మార్కు. కానీ 2018లో రోడ్డు మీద తోపుడుబండిలో ఆవు తలకాయలు పట్టుకెళ్తున్న మనిషిని ఈయనే ఆపి పట్టించి, ఎబోలా తెస్తారా అని ట్వీట్ చేశాడు. చివరికి ఆయనా సారీ చెప్పాడు. మేయరు చెయ్యాల్సిన పనా అది? మా షాపు ముందు కూడా ఒరిస్సా నుంచి వచ్చిన కుర్రోడు తోపుడుబండి పెడతాడు, పైపు పగిలింది వాడి వల్ల కాదు. వలసవాళ్ళని పంపీసినా రాత్రి రెండింటికి ముల్లు తిరుగుతూనే ఉంటది.

ఇక ఏఎన్‌సీ, మండేలా పార్టీ. వీళ్ళది కొత్త కొటేషన్ కాదు, నడుస్తున్న కాంట్రాక్టుకి ఎక్స్‌టెన్షన్. 2024 ఆగస్టులో కుర్చీ ఎక్కిన డాడా మొరెరో 2025లో ఊరి సమస్యలు సరిచెయ్యడానికి బాంబ్ స్క్వాడ్ అని ఒక టీము వేశాడు, పేరు భలే పెట్టాడు, ఇంతకీ బాంబు పెట్టింది ఎవరో కూడా చెప్తే బాగుండేది. జీ20 సమావేశం ముందు ప్రెసిడెంటు రామఫోసా వచ్చి ఊరు చూసి మొహం మాడ్చుకుని ఇంకో వర్కింగ్ గ్రూపు వేయించాడు. ఇన్ని కమిటీలు చూస్తే నాకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులే గుర్తొచ్చాయి. కానీ ఒక్కటి చెప్పుకోవాలి, నాకు కావాల్సిన రెండో ప్రశ్నకి అసలైన జవాబు ఈ వైపు నుంచే, అంటే ఢిల్లీ లాంటి పై సర్కారు నుంచే వచ్చింది. ఇన్నాళ్ళూ జనం కట్టిన నీళ్ళ బిల్లు డబ్బు సిటీ పెద్ద ఖాతాలోకి ఊడ్చీసేవారు, నీళ్ళ కంపెనీ పైపు కొనాలన్నా చెయ్యి చాచాలి. 2025 దేశ బడ్జెట్లో ట్రెజరీ, అంటే అక్కడి ఆర్థిక శాఖ, ఏటందంటే, నీళ్ళు, కరెంటు, చెత్త డబ్బు వేరేగా ఉంచి దాని మీదే ఖర్చుపెట్టే పెద్ద నగరాలకి 6 ఏళ్ళలో 5,400 కోట్ల రాండ్లు ఇస్తామని. మా షాపులో కూడా అంతే, కస్టమర్ అడ్వాన్సు ఒక డబ్బాలో, ఇంటి ఖర్చు ఇంకో డబ్బాలో. పెళ్ళయిన కొత్తలో రెండూ కలిపీసి ఒకసారి రాగి తీగ కొనడానికి డబ్బుల్లేక పరువు పోగొట్టుకున్నాను.

గ్యారంటీ కార్డు సంగతి కూడా చూడాలి కదా. అక్కడ కూడా మన దగ్గరలాగే జనం నేరుగా మేయర్ని ఎన్నుకోరు, కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. 270 సీట్లు. 2021లో ఏఎన్‌సీకి 91, డీఏకి 71, యాక్షన్ ఎస్ఏకి 44, ఎవరికీ మెజారిటీ లేదు. ఫలితం, 3 సీట్లున్న అల్ జమా అనే పార్టీ నుంచి ఒకడి తర్వాత ఒకడు ఇద్దరు మేయర్లు. 2016 నుంచి లెక్కేస్తే 8 మంది కూర్చున్నారు ఆ కుర్చీలో, మొరెరో మొదటిసారి 25 రోజులే ఉన్నాడు. ఎంత మంచి కొటేషన్ ఇచ్చినా మేస్త్రీ నెలకొకడు మారితే గోడ లేవదు. నవ్వుదామనుకున్నాను కానీ మా శ్రీకాకుళం 2015లో కార్పొరేషన్ అయ్యి ఏళ్ళ తరబడి ఎలక్షన్లే జరగలేదు, మాకు మేయరే లేడు మారడానికి.

రేటింగు. జిల్లెకి 5కి 3న్నర, మెజారిటీ వస్తేనే, రాకపోతే 2న్నర. మషాబాకి 2న్నర, అందులో ఒకటి పాత దర్యాప్తు పనికి. ఏఎన్‌సీకి 2, ఆ రెండూ వేరే డబ్బా ఐడియాకే, నిజంగా అమలు చేస్తే ఇంకోటి కలుపుతాను. చిన్న పార్టీలకి విడిగా ఇవ్వట్లేదు, చివరికి మేయర్ని తేల్చేది వాళ్ళే అయినా.

ఇదంతా బావకి వాయిస్ మెసేజ్ పెట్టాను, పద్నాలుగు నిమిషాలు. మర్నాడు జవాబొచ్చింది, "బాగుందిరా, మొత్తం విన్నాను, అప్ప ఇంకో జోజో కొందామంటోంది". సరే కొనండి అన్నాను, దిమ్మ మాత్రం కాంక్రీటు వెయ్యండి, ఫ్లోట్ వాల్వ్ ఇత్తడిదే తీసుకోండి, ప్లాస్టిక్‌ది ఏడాది కూడా ఉండదు. మోటారు అర హెచ్‌పీ చాలు.