పాత కారు ముందు చక్రం మోత: బేరింగ్ ఒక్కటే మార్చాలా, హబ్ కూడానా, నకిల్ సెట్టు మొత్తమా? ఇంటి దగ్గర చేస్కునేవాళ్ళకి ఏది మేలు?

పదిహేనేళ్ళు దాటిన ఆల్టో, వ్యాగన్ఆర్, శాంత్రో లాంటి బండ్లకి ముందు చక్రం దగ్గర మోత మొదలైందంటే మూడు రకాల సలహాలు వస్తాయి. ఒకాయన బేరింగ్ ఒక్కటి మార్చేస్తే చాలంటాడు, ఇంకొకాయన హబ్ (చక్రం బిగించే గుండ్రటి ముక్క) కూడా పోయింది రెండూ మార్చాల్సిందే అంటాడు, మూడో ఆయన స్క్రాప్‌లో నకిల్ (బేరింగ్, హబ్ కూర్చునే ఇనప దిమ్మ) సెట్టు మొత్తం దొరుకుద్ది, తెచ్చి బిగించేస్తే పూటలో పని అయిపోద్ది అంటాడు. ముగ్గురిదీ అబద్ధం కాదు. కాకపోతే గ్యారేజీకి సులువైంది ఇంటి దగ్గర చేసేవాడికి సులువు అవ్వాలని లేదు, అక్కడే లెక్క మారిపోద్ది.

నా ఓటు ముందే చెప్పేస్తా. నకిల్ విప్పడం, తిరిగి బిగించడం ఇంట్లో. బేరింగ్ నొక్కే పని ప్రెస్ (బలంగా నొక్కే మిషను) ఉన్న లేతు షాపులో. బేరింగ్ కూర్చునే చోట హబ్ కాస్త అరిగినట్టు కనపడినా హబ్ కూడా కొత్తదే.

అసలు బేరింగే పోయిందా అనేది ముందు తేల్చుకోండి, ఎందుకంటే టైరు మెట్లు మెట్లుగా అరిగినా ఇదే మోత వస్తుంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడిపి చూడండి, మోత కూడా వెనక్కి పోతే అది టైరు గొడవే. బేరింగ్ అయితే స్పీడు పెరిగేకొద్దీ మోత పెరుగుద్ది, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కొంచెం కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుద్ది కదా, అప్పుడు మోత ఎక్కువైతే మామూలుగా ఎడమదే పోయినట్టు. తర్వాత జాకీ ఎక్కించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆట (లూజు) ఉంటే ఇంకొకళ్ళని బ్రేక్ తొక్కమనండి. బ్రేక్ తొక్కగానే ఆట పోతే బేరింగ్, తొక్కినా ఆడుతుంటే బాల్ జాయింట్ (నకిల్‌ని కింది ఆర్మ్‌కి కలిపే కీలు) వైపు చూడాలి. చక్రం చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగ్ మీద పెడితే గరగర చేతికే తెలుస్తుంది.

ఇక బేరింగ్ ఒక్కటే మార్చే దారి. సామాను ఖర్చు తక్కువ, అందులో డౌటు లేదు. ఎస్‌కేఎఫ్, జైపూర్‌లో చేసే ఎన్‌బీసీ, ఏదైనా మంచి కంపెనీది తీస్కోండి, డూప్లికేట్లు బాగా తిరుగుతున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. కానీ ఈ బండ్లలో బేరింగ్ నకిల్‌లోకి బిగువుగా నొక్కి ఉంటుంది, దాని మధ్యలోకి హబ్ ఇంకో బిగువుతో నొక్కి ఉంటుంది, అంటే తీసేటప్పుడు రెండు సార్లు, పెట్టేటప్పుడు రెండు సార్లు బలం వాడాలి. ఇంట్లో మన దగ్గరుండే బలం సుత్తి. పాతది తీయడానికి సుత్తి వాడితే పోయేదేం లేదు, అది ఎలాగూ పారేసేదే. కొత్తది పెట్టడానికి వాడితేనే కొంప మునుగుద్ది. నకిల్‌లోకి దించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి, హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి కింద ఆధారం ఉండాలి. ఇది తప్పితే ఆ బలం మొత్తం బాల్స్ గుండా పోయి అవి తిరిగే దారిలో సన్నటి గుంటలు పడతాయి, కంటికి ఏమీ కనపడదు, చేత్తో తిప్పితే సాఫీగానే ఉంటుంది, కొన్నాళ్ళకి అదే మోత మళ్ళీ మొదలవుద్ది, అప్పుడు కంపెనీ బేరింగ్ కూడా ఇంతేనా అని తిట్టుకుంటాం.

అందుకే లేతు షాపు అంటున్నా. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నచోట, సరైన సైజు బుష్‌లు (నొక్కేటప్పుడు రింగు మీద పెట్టే గొట్టం ముక్కలు) ఉంటే, ఇది పెద్ద టైమ్ పట్టే పని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు ఇలాంటి పనిచేసేవాళ్ళకి కొదవ లేదు, చిన్న ఊళ్ళలో కూడా ట్రాక్టర్ పనులు చేసే లేతు షాపులో ప్రెస్ ఉంటుంది. మీరు పక్కనే నిలబడి ఏ రింగు మీద నొక్కుతున్నాడో చూడండి, సిగ్గుపడక్కర్లేదు. సర్‌క్లిప్ (బేరింగ్ బయటికి రాకుండా పట్టుకునే స్ప్రింగు రింగు) తీయకుండా నొక్కితే నకిలే పగులుద్ది, అది కూడా గమనించుకోండి. ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రం లాక్ కాకుండా చూసేది) ఉన్న బండ్లలో కొన్నిటికి బేరింగ్ ఒక పక్క సీలులోనే అయస్కాంతం రింగు ఉంటుంది, ఆ పక్క సెన్సార్ వైపు ఉండాలి, తిరగేసి పెడితే మీటర్లో లైటు వెలుగుతూనే ఉంటుంది.

హబ్ సంగతికొద్దాం, అసలు తేడా ఇక్కడే తెలిసేది. హబ్‌ని పాత బేరింగ్‌లోంచి లాగినప్పుడు లోపలి రింగు ఒకటి హబ్‌కే అతుక్కుని వచ్చేస్తుంది. దాన్ని పుల్లర్‌తో తీయాలి, లేదా గ్రైండర్‌తో సగం పైగా కోసి ఉలితో పగలగొట్టాలి, గ్రైండర్ ఒక్క మిల్లీమీటర్ లోతు ఎక్కువ దిగితే హబ్ మీద గాటు పడ్డట్టే. అది జాగ్రత్తగా తీసినా, బేరింగ్ పోయాక బండిని చాలా రోజులు అలాగే తిప్పి ఉంటే లోపలి రింగు హబ్ మీద తిరిగి తిరిగి నీలం రంగుకి మాడి, నునుపు తేలి, సైజు తగ్గి ఉంటుంది. అలాంటి హబ్ మీద ఎంత మంచి బేరింగ్ పెట్టినా బిగువు రాదు. దీనికి మన దగ్గర ఒక వైద్యం ఉంది, పంచ్‌తో చుక్కలు చుక్కలుగా కొట్టి లావు చేసి ఎక్కించడం. ఊరు చేరడానికి పనికొచ్చే వైద్యం అది, అంతవరకే. చక్రం స్టడ్ (చక్రం నట్టు బిగించే బోల్టు) మర పోయినా, బ్రేక్ తొక్కితే పెడల్ కొట్టుకోవడానికి హబ్ వంకరే కారణం అని తేలినా కూడా కొత్త హబ్ దారే మేలు. హబ్, బేరింగ్ రెండూ కొత్తవైతే ఆ రింగు కోసే గొడవే ఉండదు, టైమ్ కలిసొస్తుంది, పాత హబ్‌ని స్క్రాప్‌లో పడేయొచ్చు.

స్క్రాప్ నకిల్ సెట్టు ఇంటి దగ్గర చేసేవాడికి అన్నిటికన్నా ఆశపెట్టేది, ప్రెస్ అక్కర్లేదు, విప్పు, బిగించు, అంతే. కానీ ఆ బేరింగ్ ఎంత తిరిగిందో, ఆ బండికి యాక్సిడెంట్ అయిందో లేదో ఎవడికి తెలుసు. నకిల్ కొంచెం వంగి ఉన్నా చూపుకి దొరకదు, అలైన్‌మెంట్ కుదరక టైరు ఒక పక్క తినేశాక బయటపడుద్ది. ఆ సెట్టు తెచ్చి దానికి కొత్త బేరింగ్ నొక్కించుకుంటా అంటే సరే, మీ పాత నకిల్‌లో బేరింగ్ కూర్చునే గుంతే లూజైపోతే అదీ ఒక దారే. బేరింగ్‌తో సహా అలాగే బిగించేస్తా అంటే మాత్రం సంతబేరంలో గేదెని పళ్ళు చూడకుండా కొన్నట్టు.

ఈ తలనొప్పంతా లేని బండ్లు కూడా ఉన్నాయి. టూవీల్ డ్రైవ్ బొలెరో, పాత సుమో లాంటి వాటికి ముందు హబ్‌లో రెండు టేపర్ రోలర్ (బాల్స్ బదులు ఏటవాలుగా ఉండే రోలర్లు) బేరింగులు, మధ్యలో గ్రీజు. ఇవి ఇంట్లోనే చేస్కోవచ్చు. పాత కప్పుని (బేరింగ్ బయటి రింగుని) ఇత్తడి కడ్డీతో తట్టి తీసి, కొత్తది సమంగా దించి, రోలర్ల లోపలికంటా గ్రీజు పట్టించి, హబ్ తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ కాస్త వదులు చేసి కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి. మరీ బిగిస్తే కాలిపోద్ది. అమెరికాలో ఉండి పాత చెవీ సిల్వరాడో, జీప్ చెరోకీ లాంటివి నడిపేవాళ్ళకైతే హబ్, బేరింగ్ కలిసే ఒక యూనిట్‌గా వస్తుంది, వెనక నుంచి బోల్టులు విప్పి మార్చేయడమే, అక్కడ ఈ ప్రశ్నే లేదు. మంచు రాష్ట్రాల్లో రోడ్డు మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఆ యూనిట్ నకిల్‌కి తుప్పుతో కరుచుకుని రానే రాదు, వాళ్ళ కష్టం అది.

ఇంట్లో విప్పేవాళ్ళు యాక్సిల్ నట్టు (హబ్ మధ్యలో, యాక్సిల్ చివర ఉండే పెద్ద నట్టు) విషయంలో తొందరపడొద్దు. దాని అంచు గాడిలోకి కొట్టి ఉంటుంది, అది ఎత్తి, బ్రేక్ తొక్కించి, పొడుగు పైపు తగిలించి వదులు చేయాలి. బండి కింద జాకీ స్టాండు పెట్టాలి, ఇటుకలు కాదు, ఇటుక చెప్పకుండా పగులుద్ది. కాలిపర్‌ని (బ్రేక్ ప్యాడ్లని నొక్కే ముక్కని) బ్రేక్ పైపు మీద వేలాడదీయకుండా తీగతో కట్టండి. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాలు) బోల్టుల దగ్గర పెయింట్ గీత పెట్టుకుంటే తిరిగి దాదాపు అక్కడే కూర్చుంటుంది, అయినా తర్వాత అలైన్‌మెంట్ చూపించాల్సిందే. బిగించేటప్పుడు కొత్త నట్టు, టార్క్ రెంచి (బిగువు ఎంతో కొలిచి బిగించే స్పానర్) రెండూ ఉండాలి. చిన్న కార్లకి కూడా ఇది 150 న్యూటన్ మీటర్లు దాటుద్ది, కొన్నిటికి 200 పైనే, మీ బండి మాన్యువల్లో ఉన్న అంకె ఎంతో అంతే. రెంచి కొనక్కర్లేదు, తెలిసిన గ్యారేజీలో ఒక పూటకి అడిగి తెచ్చుకోవచ్చు.

ఇంకోటి, నకిల్ తిరిగి పెట్టాక ఆ యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించకుండా, బండిని పక్కకి జరుపుదాం అని తోయొద్దు. ఆ నట్టు బిగువే బేరింగ్‌ని కలిపి పట్టుకునేది, అది లేకుండా బరువు పడితే కొత్త బేరింగ్ కూడా దెబ్బతింటుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసేవాళ్ళు వాచ్‌మన్‌కి, పక్క బండి వాళ్ళకి ముందే చెప్పుకోండి, బండి ఆ రోజంతా అక్కడి నుంచి కదలదని.