మనాలిలో ఒక్కరోజు భృగు సరస్సు ట్రెక్ కొనేవారికి హెచ్చరిక: డబ్బు కట్టే ముందు ఆ ఫొటో ఏ నెలదో అడగండి

వేసవి సెలవుల్లో మనాలి వెళ్లే తెలుగు కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. వారిలో చాలామంది రోహ్‌తంగ్, అటల్ సొరంగం, సోలాంగ్ లోయలతో పాటు ఒకరోజు నడకను కూడా ప్యాకేజీలో చేర్చుకుంటున్నారు. ఆ నడకల్లో ఎక్కువగా అమ్ముడవుతున్నది భృగు సరస్సు. జూన్ మొదటి వారంలో ఒక నిర్వాహకుడి దగ్గర మేము ఈ ట్రెక్ కొన్నాము. మాకు ఎదురైన అనుభవంలో డబ్బు పోవడం చిన్న విషయం. మా బావగారి ప్రాణం మీదికి వచ్చేది. ఈ సీజనులోనో వచ్చే సీజనులోనో ఇదే ప్రకటన చూసి డబ్బు కట్టబోయేవారి కోసం జరిగినది జరిగినట్లు రాస్తున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి ప్రకటనలు ఒక్కరివే కావు కనుక, పేరు కన్నా పద్ధతి తెలుసుకోవడమే మీకు ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ప్రకటనలో నీలంగా మెరుస్తున్న సరస్సు, చుట్టూ పచ్చిక, గుంపులుగా మేస్తున్న గొర్రెలు కనిపించాయి. కింద “సులభం, మొదటిసారి నడిచేవారికి కూడా అనువైనది” అని ఉంది. గైడు, మధ్యాహ్న భోజనం, వాహనం, మంచు మీద నడవడానికి బూట్లకు తగిలించుకునే మైక్రోస్పైక్స్ అన్నీ కలిపి మనిషికి 3,500 రూపాయలని, మొత్తం సొమ్ము ముందే యూపీఐలో పంపాలని చెప్పారు. దారి ఎలా ఉందని ఫోనులో అడిగితే “కొంచెం మంచు ఉంటుంది, పిల్లలు బాగా ఆడుకుంటారు” అని సమాధానం వచ్చింది.

ఈ సరస్సు గురించి కొనేవారికి తెలియవలసిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అది సుమారు 4,235 మీటర్ల ఎత్తున ఉంది, మనాలి పట్టణం సుమారు 2,050 మీటర్ల ఎత్తులోనే ఉంది. వాహనం రోహ్‌తంగ్ రోడ్డు మీద గులాబా దాకా తీసుకెళ్లినా, అక్కడి నుంచి ఒకే రోజులో సుమారు వెయ్యి మీటర్లు ఎక్కి తిరిగి దిగాలి. అందుకే బాధ్యతగల నిర్వాహకులు దీన్ని మధ్యలో గుడారాల్లో రాత్రి గడిపి, శరీరం ఎత్తుకు అలవాటు పడేలా రెండు మూడు రోజుల నడకగా నడిపిస్తారు. ఇక కాలం సంగతి. మే నెలలోనూ జూన్ మొదటి సగంలోనూ పైభాగమంతా సాధారణంగా మంచుతోనే ఉంటుంది, సరస్సు మీద కూడా మంచు పలక పూర్తిగా విడిపోదు. జూన్ చివరికి మంచు కరిగి నీరు బయటపడుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో ప్రకటనలో చూపిన పచ్చిక, పూలు నిజంగానే ఉంటాయి కానీ వానలు, పొగమంచు, బురద కూడా వాటితో పాటే వస్తాయి. సెప్టెంబరులో వానలు తగ్గి ఆకాశం తేటపడుతుంది. ప్రకటనలోని ఫొటో వానాకాలానిదైతే, దాన్ని చూపించి జూన్ మొదటి వారానికి డబ్బు తీసుకోవడం ఒక వస్తువును చూపించి ఇంకొక వస్తువును అమ్మడమే అవుతుంది.

తెల్లవారుజామున అయిదింటికి రావలసిన వాహనం ఎనిమిది దాటాక వచ్చింది. మైదానంలో అయితే ఆ మూడు గంటలు వృథా అయ్యాయని బాధపడి ఊరుకుంటాము, కరుగుతున్న మంచు మీద మాత్రం అవే అన్నిటికన్నా విలువైన గంటలు. రాత్రి చలికి బిగుసుకున్న మంచు ఉదయం పూట గట్టిగా ఉండి, సరైన స్పైక్స్ ఉంటే అడుగును మోస్తుంది. ఎండ ఎక్కిన కొద్దీ అది మెత్తబడి కాలు మోకాలి దాకా దిగబడుతుంది. కింద సెలయేరు పారుతున్న చోట పైపొర చెక్కుచెదరకుండా కనిపిస్తూనే లోపల డొల్ల అయిపోయి, బరువు పడగానే కూలిపోయే ప్రమాదం ఉంటుంది. దీనికి తోడు ఈ నెలల్లో మధ్యాహ్నం తరువాత ఉరుములు, వడగళ్లు కొండల మీద తరచుగా వస్తాయి. అందుకే తెలిసినవారు చీకటి ఉండగానే బయలుదేరి మధ్యాహ్నానికల్లా మంచు దాటి కిందికి వచ్చేస్తారు. మేము మంచు మొదలయ్యే చోటికి చేరుకునే సరికి మిగతా బృందాలు వెనక్కి వస్తున్నాయి. వారిలోని ఒక పెద్ద వయసు గైడు మా గైడుతో, ఈ వేళప్పుడు పైకి తీసుకెళ్లవద్దని గట్టిగానే చెప్పాడు. మా గైడు ఆ మాట పట్టించుకోలేదు.

మైక్రోస్పైక్స్ అని వారు ఇచ్చినవి నిజానికి మైక్రోస్పైక్స్ కావు. అసలైన వాటిలో బూటు అడుగున ఉక్కు గొలుసు, దానికి పదునైన ఉక్కు ముళ్లు ఉంటాయి. మాకు ఇచ్చినవి పలుచని రబ్బరు పట్టీలకు చిన్న మేకులు గుచ్చినవి. మొదటి వాలులోనే కొన్ని తెగిపోయాయి. వాటిని తగిలించుకోవడానికి ఇచ్చిన బూట్లు, రోడ్డు పక్కన మంచు చూడటానికి వచ్చినవారికి అద్దెకిచ్చే నున్నని అడుగున్న గమ్‌బూట్లు. పక్కకు ఏటవాలుగా సాగే మంచు దారిలో, జారితే ఆగడానికి ఏ ఆధారమూ లేని చోట, వాటితో పిల్లలను నడిపించడానికి పూనుకున్నారు. ఒక తాడు లేదు, ప్రథమ చికిత్స పెట్టె లేదు. మధ్యాహ్న భోజనం సంగతి రాయడం అనవసరం.

అన్నిటికన్నా ఘోరమైనది ఆ తరువాత జరిగింది. యాభై దాటిన మా బావగారికి తలనొప్పి మొదలై, కొంతసేపటికి వాంతి అయ్యింది. నాలుగు వేల మీటర్ల పైన గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 60 శాతమే ఉంటుంది కాబట్టి, ముందురోజే మైదానం నుంచి వచ్చిన మనిషికి ఇలా కావడం ఎవరూ ఊహించలేని సంగతి కాదు. తలనొప్పితో పాటు వాంతి, తూలుతూ నడవడం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే చేయవలసిన పని వెంటనే కిందికి దిగడం. మా గైడు మాత్రం ఏ మందో చెప్పకుండా ఒక మాత్ర చేతిలో పెట్టి, “అంకుల్ ఈ బండ దగ్గర కూర్చుంటారు, మనం సరస్సు చూసి వచ్చేటప్పుడు తీసుకెళ్దాం” అన్నాడు. ఎత్తు వల్ల అస్వస్థతకు గురైన మనిషిని మంచులో ఒంటరిగా వదిలి వెళ్లమని చెప్పేవాడు గైడు కాదు. మేము ఒప్పుకోలేదు, అందరం కలిసి వెనక్కి తిరిగాము. దిగుతుండగా వడగళ్లు పడ్డాయి. పైకి వెళ్లి ఉంటే అవి మాకు మంచు మధ్యలోనే తగిలేవి. గులాబా చేరాక బావగారు తేరుకున్నారు.

ఇది అతిగా భయపెట్టే మాట అనిపిస్తే, 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో జరిగినది గుర్తుచేసుకోండి. కర్ణాటక నుంచి వెళ్లిన బృందం వాతావరణం ఒక్కసారిగా చెడిపోయి పైన చిక్కుకుపోయింది, 9 మంది ప్రాణాలు కోల్పోయారు. అదీ సరస్సు దారే, అదీ జూన్ నెలే.

డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే నిర్వాహకుడు చెప్పిన సమాధానం: “మంచు ప్రకృతి చేతిలో ఉంది, మా చేతిలో లేదు, అందుకే నో రిఫండ్.” ఈ వాదనను నేను ఏమాత్రం ఒప్పుకోను. అకాలంగా కురిసిన మంచు వేరు, ఏటా అదే వారంలో ఉండే మంచు వేరు. రెండోదాని గురించి అమ్మేవాడికి ముందే తెలుసు. ఆ సమయంలోనే కిందికి వస్తున్న ఇతర గైడులకు కూడా తెలుసు. తెలియనిది కొన్నవారికి ఒక్కరికే, వారికి తెలియకుండా చేసింది ఆ ఫొటోనే. వాహనం ఆలస్యం, పనికిరాని స్పైక్స్, శిక్షణ లేని గైడు వీటిలో ప్రకృతి చేసినది ఒక్కటీ లేదు.

కాబట్టి డబ్బు పంపే ముందు, ఫోనులో కాకుండా రాతపూర్వకంగా, వాట్సాప్‌లోనైనా సరే, కొన్ని సంగతులు అడిగి తీసుకోండి. ప్రకటనలోని ఫొటో ఏ నెలలో తీసినది, గత వారంలో అదే దారిలో తేదీతో తీసిన ఫొటోలు ఉన్నాయా, మంచు ఎక్కడ మొదలవుతోంది, ఎన్ని గంటలకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరుగుతారు, ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే వారితో కిందికి దిగడానికి రెండో గైడు ఉంటాడా అని స్పష్టంగా అడగండి. చివరి ప్రశ్నకు తడబడేవారికి రూపాయి కూడా కట్టవద్దు. హిమాచల్‌లో ట్రావెల్ ఏజెంట్లు, గైడులు 2002 నాటి రాష్ట్ర పర్యాటక చట్టం కింద నమోదై ఉండాలి. నమోదు సంఖ్య అడిగి, జిల్లా పర్యాటక అభివృద్ధి అధికారి కార్యాలయంలో సరిచూసుకోవచ్చు.

అమ్మేవాడి మాట మీదే ఆధారపడవలసిన అవసరమూ లేదు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు సుమారు అయిదు రోజులకొకసారి తీసే చిత్రాలను కోపర్నికస్ బ్రౌజరు అనే వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మబ్బు లేని రోజు చిత్రంలో భృగు సరస్సు తెల్లగా ఉందా ముదురు రంగులో ఉందా అన్నది ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది. ఈ ఒక్క పని చేయడానికి పది నిమిషాలు చాలు, అందుకే నేను అందరికీ ముందుగా ఇదే చెబుతున్నాను. బయలుదేరే ముందురోజు సిమ్లా వాతావరణ కేంద్రం కులూ జిల్లాకు ఇచ్చే హెచ్చరికలు చూడండి. ఆరెంజ్ హెచ్చరిక (ప్రమాదకర వాతావరణానికి సిద్ధంగా ఉండమనే స్థాయి) ఉన్న రోజున కూడా ట్రెక్ నడుపుతామనేవారిని నమ్మవద్దు. మనాలిలో కనీసం రెండు రాత్రులు గడిపాక మాత్రమే పైకి వెళ్లండి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు సొంత ఊళ్లోనే వైద్యుణ్ణి కలిసి వెళ్లాలి. సల్ఫా మందులు పడనివారు, ఎత్తు వల్ల వచ్చే అస్వస్థతను నివారించడానికి వాడే డయామాక్స్ మాత్ర సంగతి ఆయనతో తప్పకుండా మాట్లాడాలి. ఆ మాత్ర వేసుకున్నా, లక్షణాలు కనిపించాక దిగకుండా ఉండటానికి వీల్లేదు.

ఇప్పటికే మోసపోయినవారు ఊరుకోవలసిన పని లేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సంస్థ మనాలిలో ఉన్నా, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము కూడా ఉండదు, గడువు రెండేళ్లు. దీని కోసం ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, చాట్ మొత్తం దాచుకోండి. ప్రకటనలు ఫిర్యాదు తరువాత మాయమవుతాయి, మేము చూసినది కూడా ఇప్పుడు పేజీలో లేదు. తెగిపోయిన స్పైక్స్‌కు, మంచు దారికి తేదీ, సమయం నమోదయ్యేలా ఫొటోలు తీసి ఉంచండి. మేము మా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేశాము. ఇదే ట్రెక్‌కు అడ్వాన్సు కట్టి ఇంకా ప్రయాణం మొదలుపెట్టనివారు, మిగతా సొమ్ము పంపకముందే పైన రాసిన ప్రశ్నలకు జవాబులు రాతలో తెప్పించుకోండి.